వెనక గదిలో ఎవరూ ఉండరు

సంచి సర్దడం పొద్దున్నే మొదలైంది. నాలుగు చీరలు, ఒక స్వెట్టరు, బీపీ మాత్రలు, అమృతాంజనం డబ్బా, చదువుతూ చదువుతూ సగంలో ఆపిన లైబ్రరీ పుస్తకం. కూతురు ఇంద్రజ ఒక్కొక్కటీ సంచిలో పెడుతుంటే, సీతారత్నం దాన్ని బయటికి తీసి, మడత సరిచేసి, మళ్ళీ లోపల పెడుతోంది. బోటనీ డౌన్స్ నుంచి శాండ్రింగ్‌హామ్‌కి కారులో అరగంట ప్రయాణం. ఉండేది రెండు రోజులు. అయినా సంచి సర్దాలంటే చాలు, సీతారత్నానికి అరచేతులు చల్లబడిపోతాయి.

"రెండు రోజులకి నాలుగు చీరలెందుకమ్మా?"

"ఎందుకైనా మంచిది."

"ఎందుకైనా అంటే?"

"ఎందుకైనా అంటే ఎందుకైనానే. మోసే సంచి ఊరుకుంది కదా, నీకేంటే."

ఈ ప్రయాణం అల్లుడు తరుణ్ ఉద్యోగం కోసం. అతను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, పెట్రోలు బంకులో నిలబడి, చివరికి ఆల్బనీలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో కుదురుకున్నాడు. ఆ కంపెనీకి ఇప్పుడు ప్రభుత్వం పని దొరికింది. ప్రభుత్వం తన రహస్యాలున్న గదుల్లోకి బయటి కంపెనీ మనుషుల్ని ఊరికే రానివ్వదు. నమ్మదగినవాళ్ళా కాదా అని ముందు తవ్వి చూసుకుంటుంది. దాన్ని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. అది రాని వాళ్ళకి ఆ కంపెనీలో ఇక చేయడానికి పనేమీ మిగలదు.

ఫిబ్రవరిలో తరుణ్ దరఖాస్తు పెట్టినప్పుడు, ఇంట్లో ఉండేది ఇద్దరని చెప్పాడు. అప్పుడది నిజమే. ఏప్రిల్లో సీతారత్నం వచ్చింది. బాపట్లలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను తెలిసినవాళ్ళకి తలా ఒకటీ ఇచ్చేసి, ఇక ఉండిపోవడానికే వచ్చింది. ఆ సంగతి ఒక్క ఫోన్ చేసి చెబితే సరిపోయేది. తరుణ్ ఆ ఫోన్ చేయకుండా స్నేహితుడు మనీష్‌ని సలహా అడిగాడు. క్లియరెన్స్ అంటే ఏమిటో తెలియని మనీష్ చాలా వివరంగా చెప్పాడు.

"ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటార్రా. ఇంకేం దాచావంటారు. ఇంటికొచ్చి ఇంటర్వ్యూ చేస్తారు కదా, అదయ్యేదాకా అత్తయ్యగారిని ఎక్కడైనా పెట్టెయ్."

పెట్టెయ్ అన్న మాట సీతారత్నం స్పీకర్ ఫోన్లో విన్నది. ఆవిణ్ణి ఈ దేశంలోకి రానిచ్చి, పాస్‌పోర్టు మీద ముద్ర వేసింది కూడా ఆ ప్రభుత్వమే. కానీ ఒక చెయ్యి వేసిన ముద్ర రెండో చేతికి తెలియదని అల్లుడి నమ్మకం. అతని నమ్మకం మీద నాలుగు మెతుకులు తింటున్నప్పుడు ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకుంది. తిరిగి ఈ గదికి రానిస్తే చాలు. ఇది తప్ప ఆవిడకి ఇంకెక్కడా గది లేదు.

గదిని ఖాళీ చేయడం మాత్రం ఆవిడ చూడలేకపోయింది. గోడ మీదున్న భర్త రాఘవయ్య ఫోటో బీరువాలో దుప్పట్ల కిందికి పోయింది. చెప్పులు పోయాయి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, కర్టెన్లు మూసేశారు. అమృతాంజనం వాసన పోవడానికి ఇంద్రజ ఏదో సువాసన కొట్టింది. పదకొండో రోజు దాటాక పోయిన మనిషి గది ఎలా ఉంటుందో అలా తయారైంది. ఆ మనిషి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బాగా వచ్చింది," అన్నాడు తరుణ్. "అసలు మీరున్నట్టే లేదు అత్తయ్యా."

"అవును బాబూ," అంది సీతారత్నం.

వీధి మూల మీద డెయిరీ ఉంది. పాలూ బ్రెడ్డూ అమ్మే చిన్న కొట్టు. శాండ్రింగ్‌హామ్‌లో ఉండే, వరసకి వదినయ్యే సరోజిని పంపిన టాక్సీ అక్కడికి వస్తుంది. ఇంటి ముందు టాక్సీ ఆగితే చుట్టుపక్కలవాళ్ళు చూస్తారని తరుణ్ భయం. సీతారత్నం దేవుడికి దణ్ణం పెట్టుకుని, తెల్లటి శాలువా తలమీదుగా కప్పుకుని, కుడికాలు బయటపెట్టి నాలుగడుగులు వేసింది. వెనక నుంచి ఇంద్రజ పిలిచింది.

"అమ్మా, కళ్ళజోడు."

సీతారత్నం నిలువునా ఆగిపోయింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ మనిషి ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయల్దేరాలి.

"ఒక్క నిమిషం కూర్చుని..."

"టైమ్ లేదు అత్తయ్యా, ఆయనొచ్చేస్తాడు," అంటూ తరుణ్ కళ్ళజోడు చేతిలో పెట్టి, భుజం పట్టుకుని గేటు దాటించేశాడు.

జూలై నెల, ఈ దేశంలో చలికాలం నడుమ. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురింటి కంచె కూడా ఉందో లేదో అన్నట్టుంది. డెయిరీ ముందు నిలబడిన సీతారత్నానికి టాక్సీ కనబడలేదు. వచ్చిన ప్రతి కారూ రెండు దీపాలుగా వచ్చి, రెండు దీపాలుగానే పోయింది. నిలబడేకొద్దీ వెనక నుంచి వచ్చిన ఆ పిలుపు మెడ మీద చల్లటి చెయ్యిలా ఆనింది. రాఘవయ్యని అలా వెనక నుంచి పిలిచింది ఆవిడే. గొడుగు మర్చిపోయాడని పిలిచింది. నవ్వి, గొడుగు అందుకుని వెళ్ళాడు. సాయంత్రానికి ఆ గొడుగు ఒక్కటే ఇల్లు చేరింది.

ఇక ఆగలేకపోయింది. టాక్సీ రాకముందే వెళ్ళి, కూర్చుని, గుక్కెడు తాగి, రెండు నిమిషాల్లో వచ్చేయవచ్చు. బట్టలుతికే గది వైపు తలుపుకి తాళం వేయరు. అటునుంచి పిల్లిలా లోపలికి వెళ్ళి, అక్కడి కుళాయి నుంచి గ్లాసుడు నీళ్ళు పట్టుకుని, పక్కనే ఉన్న తన గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. శకునం సగం దిగింది. గ్లాసు పెదవి దాకా వెళ్ళిందో లేదో, వీధి గుమ్మం బెల్లు మోగింది.

ఆ అధికారి పేరు నెవిల్. అనుకున్న వేళ కంటే ముందే వచ్చాడు. తను ఈ చుట్టుపక్కలే ఉంటాననీ, ఆఫీసుకి వెళ్తూ దారిలో వచ్చాననీ చెప్పాడు. అతని గొంతు, జబ్బు మనిషి మంచం పక్కన మాట్లాడేవాళ్ళ గొంతులా మెత్తగా ఉంది. అడుగుల చప్పుడే లేదు. అతను మాట్లాడేది ఇంగ్లిషే అయినా, లైబ్రరీ పుస్తకాలు కూడబలుక్కుని తనంతట తాను నేర్చుకున్న సీతారత్నానికి ప్రతి మాటా తెలుస్తోంది. బయటికి పోదామంటే, నడవ అంతా ముందు గదిలోంచి కనబడుతుంది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇంట్లో మీరిద్దరేనా?" అడిగాడు నెవిల్.

"ఇద్దరమే," అన్నాడు తరుణ్.

"ఆ వెనక గది?"

"ఖాళీ. అందులో ఎవరూ ఉండరు."

సీతారత్నం ఊపిరి బిగబట్టింది. తన గురించి ఇంత సూటిగా ఎవరైనా మాట్లాడి చాలా ఏళ్ళైంది.

తరుణ్ ఏ బంకులో పనిచేశాడో, ఏ ఫ్లాట్‌లో ఎవరితో ఉన్నాడో, అక్కడి నుంచి ఎందుకు మారాడో అన్నీ నెవిల్‌కి ముందే తెలుసు. తెలిసినవే అడుగుతున్నాడు. అడిగాక జవాబు వచ్చేదాకా నిశ్శబ్దంగా ఎదురుచూస్తున్నాడు. అలాంటి ఒక నిశ్శబ్దంలో, వెనక గదిలో గుడి గంట మోగింది.

అది సీతారత్నం ఫోన్. సంచిలో, నాలుగు చీరల అడుగున ఉంది. అంత శ్రద్ధగా సర్దిన సంచిలో చెయ్యి పెడితే ఫోన్ తప్ప అన్నీ తగులుతున్నాయి. గంట మోగి మోగి ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మోగింది.

"ఖాళీ గది అన్నారు," అన్నాడు నెవిల్.

"నా పాత ఫోన్," అన్నాడు తరుణ్. "అలారం అది."

"ఆపరా?"

"అదే ఆగిపోతుందండీ. పాత ఫోన్ కదా."

ఫోన్ ఆగింది. తల్లి ఫోన్ మర్చిపోయి వెళ్ళిందనుకుని ఇంద్రజ నొచ్చుకుంటూ ఉండగానే, ఈసారి తన చేతిలోని ఫోన్ మోగింది. సరోజిని. టాక్సీ వచ్చి నిలబడిందనీ, డెయిరీ దగ్గర ఎవరూ లేరనీ, కొట్టతన్ని అడిగితే శాలువా కప్పుకున్న ముసలావిడ ఇందాకటి దాకా ఉంది, మంచులోకి నడిచి వెళ్ళిపోయింది అన్నాడనీ చెప్పింది.

ఇంద్రజ ఫోన్ పెట్టేసి, నెవిల్ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు అలాగే ఉంచి భర్తతో తెలుగులో అంది. "నవ్వుతూ విను. అమ్మ కనపడట్లేదంట."

"నవ్వుతూనే ఉన్నా," అన్నాడు తరుణ్. "ఎక్కడికెళ్తుంది?"

"ఏమో. చేతిలో ఫోన్ కూడా లేదు. బయటంతా మంచు. నేను వెళ్ళి వెతుకుతా."

"ఏమని చెప్పి వెళ్తావ్? మనకి అమ్మ లేదు కదా."

నెవిల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏదైనా ఇబ్బందా?"

"పార్సిల్," అన్నాడు తరుణ్. "ఇక్కణ్ణించి పంపిన పార్సిల్ దారిలో తప్పిపోయిందట."

"విలువైనదా?"

ఆ మాటకి ఇంద్రజ నవ్వు జారిపోయింది. "పాతదండీ," అంది. "మా నాన్న పోయాక అదొక్కటే మిగిలింది నాకు. పంపొద్దన్నాను. వినలేదు." ఇక ఏడుపు ఆగలేదు.

నెవిల్ కలం పక్కన పెట్టాడు. తర్వాత ఆ మెత్తటి గొంతుతో అన్నాడు. "పాతవాటిని ఒంటరిగా పంపకూడదమ్మా. పోతే దొరకవు."

వెనక గదిలో సీతారత్నం సగం లేచింది. గోడకి అటువైపు కూతురు తన కోసం ఏడుస్తోంది. తలుపు తీసి, ఇక్కడే ఉన్నానే పిచ్చిదానా అంటే ఆ ఏడుపు ఆగుతుంది. దానితోబాటు అల్లుడి ఉద్యోగమూ ఆగుతుంది, అబద్ధాలకోరు అన్న పేరు మిగులుతుంది. ఇంటికి చెడుపు తెచ్చిన మనిషికి ఆ ఇంట్లో గది ఎన్నాళ్ళుంటుంది? మళ్ళీ కూర్చుంది. ఎవరూ లేరని చెప్పాడు కదా, లేనట్టే ఉండాలి. కాళ్ళు దగ్గరికి లాక్కుంది. శ్వాస సన్నగా చేసింది. ముందు చేతులు లేవనుకుంది, తర్వాత మోకాళ్ళు లేవనుకుంది. చీకట్లో మెల్లమెల్లగా, ఆవిడ కూర్చున్నచోట తెల్ల దుప్పటి తప్ప ఇంకేమీ లేదని ఆవిడకే అనిపించసాగింది. భయం వేయాల్సింది. హాయిగా ఉంది.

"బాత్రూమ్ ఎటు?" అన్న మాట వినబడింది. ఎడమవైపు రెండోదని తరుణ్ చెప్పాడు. నెవిల్ కుడివైపు రెండో తలుపు తీశాడు.

నడవలోని వెలుతురు ఒక పట్టీలా మంచం మీద పడింది. తెల్ల దుప్పటి మీద, తెల్ల శాలువాలో, ఒళ్ళో సంచితో ఒక ముసలి ముఖం. అది కదలదు. రెప్ప వేయదు. చేతిలో నీళ్ళ గ్లాసుంది, నీళ్ళు కూడా కదలవు. నెవిల్ చూశాడు. సీతారత్నం చూసింది. లేని మనిషి పలకరించకూడదు కాబట్టి ఆవిడ పలకరించలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ," అన్నాడు నెవిల్ గుసగుసగా. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. తలుపు ఎంత మెల్లగా తీశాడో అంతకంటే మెల్లగా మూశాడు.

అతను బాత్రూమ్‌కి వెళ్ళనే లేదు. తిరిగొచ్చి కూర్చున్నాడు. టీ కప్పు తీశాడు. తాగకుండానే మళ్ళీ దించేశాడు.

"వెనక గదిలో ఎవరూ ఉండరన్నారు."

"ఎవరూ ఉండరండీ," అన్నాడు తరుణ్. నిజాయితీ ఉట్టిపడాలని గొంతు కొంచెం లావు చేశాడు.

"మీకంటే ముందు ఈ ఇంట్లో?"

"ఒక పెద్దావిడ," అంది ఇంద్రజ కళ్ళు తుడుచుకుంటూ. ఆ పొద్దున్న ఆ ఇంట్లో ఎవరైనా చెప్పిన మొదటి పూర్తి నిజం అదే. "ఆవిడ పోయాకే ఇల్లు అద్దెకిచ్చారు."

"ఎక్కడ పోయారు?"

"ఆ గదిలోనేనట."

నెవిల్ తన కాగితాల్లో పేజీ తిప్పి, తర్వాతి ప్రశ్న చదవడం మొదలుపెట్టాడు. "ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా, లేనివి కనపడటం గానీ, వినపడటం గానీ..." అక్కడ ఆగాడు. ఆ ప్రశ్నకి ఔనని చెప్పిన మనిషి సంగతి ఏమవుతుందో అందరికంటే అతనికే బాగా తెలుసు. జవాబు అడగకుండానే ఏదో చిన్న మాట రాసేసి, కాగితాలు మూసి, కోటు తొడుక్కోకుండా చేతిమీద వేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

అతని కారు మలుపు తిరగ్గానే ఇంద్రజ వీధిలోకి పరిగెత్తబోయి, తల్లి ఫోన్ తీసుకుందామని వెనక గది తలుపు తోసింది. మంచం అంచున తల్లి కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"నువ్వు వెనక నుంచి పిలిచావు," అంది సీతారత్నం. "నీళ్ళు తాగి వెళ్దామనొచ్చాను."

వెనకే వచ్చిన తరుణ్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఇందాకట్నించీ ఇక్కడే ఉన్నారా? ఆయన మిమ్మల్ని చూశాడా అత్తయ్యా?"

"చూశాడు బాబూ."

"ఏమన్నాడు?"

"ఎక్స్‌క్యూజ్ మీ అన్నాడు."

"మీరేమన్నారు?"

"నేను లేను కదా బాబూ. ఏమంటాను?"

దొరికిపోయామని తరుణ్ లెక్క. ఇక రేపో మాపో పిలిచి మొహం మీద తలుపేస్తారన్నాడు. అప్పటిదాకా ఆవిడ కంటబడకుండా ఉంటే మేలన్నాడు. మధ్యాహ్నం తనే డ్రైవ్ చేసి శాండ్రింగ్‌హామ్‌లో దింపి వచ్చాడు. దారి పొడుగునా సంచి వెనక సీట్లో పక్కకి ఒరిగి, మలుపు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ ఊగింది.

సరోజిని, ఇండియన్ కొట్టు వెనకనున్న రెండు గదుల్లో ఉంటూ, ఆ కొట్టుకే పచ్చళ్ళు పట్టి ఇస్తుంది. గుమ్మంలోనే అడిగింది.

"ఎన్నాళ్ళుంటావు వదినా?"

"రెండు రోజులన్నారు వదినా."

"వాళ్ళన్నార్లే. నువ్వేమంటున్నావు?"

"నన్నెవరడిగారు?"

"నేనడుగుతున్నాగా. ఆ నిమ్మకాయలు ఇలా తే. ఊరికే కూర్చుంటే నీకు లేనిపోనివి తోస్తాయి."

మూడు వారాలు గడిచాయి. అప్పుడు క్లియరెన్స్ వచ్చింది. తరుణ్‌కి నమ్మకం కుదరక ఆ కబురు ఇంద్రజ చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. వెనక గది ఖాళీ. ఇలా రాసింది నెవిల్. తను చూసినదాన్ని చూశానని చెప్పుకుంటే, మరుసటి రోజు తన క్లియరెన్సే ఎవరో ఒకరు తవ్వడం మొదలుపెడతారు. అందుకని ఆ ముసలావిడ లేదని ప్రభుత్వం తరఫున సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే అతను తరుణ్‌కి ఫోన్ చేశాడు. అభినందనలు చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇది ఉద్యోగం సంగతి కాదు, ఇరుగుపొరుగు సంగతి అన్నాడు. ఇళ్ళని దీవించి శాంతి చేసే పెద్దమనిషి ఒకాయన తనకి తెలుసనీ, కావాలంటే తీసుకొస్తాననీ అన్నాడు. రోజూ కుక్కని తిప్పుతూ మీ ఇంటి మీదుగానే వెళ్తానన్నాడు. ఆ కిటికీ దగ్గర కుక్క ఒక్క అడుగు కూడా వేయదట. మొన్న ఆదివారం ఆవిడ మళ్ళీ కనబడిందట, తెల్లగా, కర్టెన్ పక్కన.

తరుణ్ ఆ రాత్రి భోజనం ముట్టలేదు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ శాండ్రింగ్‌హామ్ వచ్చారు.

"అత్తయ్యా, ఆదివారం మీరు ఇంటికి వచ్చారా?"

"ఆదివారం మూడు జాడీల మాగాయి పెట్టాం బాబూ. చేతులు చూడు, ఇంకా ఎర్రగానే ఉన్నాయి."

"మరి ఆయన ఎవర్ని చూశాడు?"

సీతారత్నం చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆ రోజు లేనట్టు కూర్చోవాలని గట్టిగా కూర్చున్నాను," అంది. "కూర్చోవడం బాగా కుదిరింది. లేచేటప్పుడు మొత్తం లేచి వచ్చానో లేదో మరి చూసుకోలేదు."

సరోజిని ఆవగింజలు నూరడం ఆపింది.

నెవిల్ రోజూ అటు నడుస్తున్నంతకాలం ఆవిడ ఆ కిటికీ దగ్గర కనపడటానికి వీల్లేదు. బతికున్న మనిషై కనబడితే తరుణ్ ఉద్యోగమూ పోతుంది, నెవిల్ ఉద్యోగమూ పోతుంది. కాబట్టి ఆవిడ శాండ్రింగ్‌హామ్‌లోనే ఉండిపోయింది. ఆదివారాలు ఇంద్రజ వచ్చి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని, చీకటి పడకముందే వెళ్ళేది. బోటనీ డౌన్స్‌లో వెనక గదికి తాళం వేశారు. తాళం వేసినా నెవిల్ కుక్క ఊరుకోలేదు.

ఏడాది తిరిగాక నెవిల్ రిటైరై, ఇల్లు అమ్ముకుని, దేశం దక్షిణాన దూరంగా ఉన్న సౌత్ ఐలండ్‌కి వెళ్ళిపోయాడు. ఆ కబురు తెలియగానే తరుణ్ కారేసుకుని వచ్చాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు.

"ఇంక భయం లేదత్తయ్యా. గదికి కొత్త రంగు వేయించాను. రండి, వెళ్దాం. తప్పు నాదే. ఆ రోజే మీరున్నారని చెప్పాల్సింది."

"నువ్వు చెప్పలేకపోయావు, అంతే బాబూ," అంది సీతారత్నం. అన్నది కోపంగా కాదు. "ఆ గదిలో ఒకావిడ ఉంది. నేనో, ఆ ముందావిడో, నాకు తెలీదు. ఉన్న మనిషిని లేదనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను పోయి ఆవిణ్ణి లేవమనలేను."

"అంటే రారా?"

"నిమ్మకాయ పచ్చడి పెట్టిస్తాను, పట్టుకెళ్ళు."

తరుణ్ సీసా పట్టుకుని వెళ్ళాడు. అతని క్లియరెన్స్‌ని తర్వాత మళ్ళీ పరిశీలించారు. కొత్తగా వచ్చిన అధికారి ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే, ఈసారి అతను అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు. సీతారత్నం ఆ ఇంటి గడప దాటింది 2014 జూలై ఇరవై రెండు, మంగళవారం. మళ్ళీ తిరిగి రాలేదు.